వైజాగ్‌లో పరుగు మొదలుపెడుతున్నారా? ముందు మెల్లగా పరిగెట్టడం నేర్చుకోండి

బీచ్ రోడ్డులో ఏ ఆదివారం తెల్లవారుజామున చూసినా ఇలాంటివాళ్ళు ఒకరిద్దరు కనిపిస్తారు. కొత్త షూస్, చేతికి కొత్త వాచీ, సబ్‌మెరైన్ మ్యూజియం ముందు నుంచి ఒక్క ఉరుకు. రెండు నిమిషాలు తిరక్కుండానే నడుం మీద చేతులు పెట్టుకుని, ముఖం కందగడ్డలా చేసుకుని నిలబడిపోతారు. "నాకు స్టామినా లేదండీ" అంటారు. స్టామినా సంగతి తర్వాత, అసలు ఆ వేగమే తప్పు.

పరుగంటే మనకి చిన్నప్పటి నుంచి తెలిసింది పందెమే. స్కూల్లో స్పోర్ట్స్ డే, లేకపోతే కదిలిపోతున్న బస్సు వెనకాల ఉరకడం. మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో బ్యాంకాక్‌లో ఆసియా చాంపియన్‌షిప్స్ స్వర్ణం గెలిచిన 100 మీటర్ల హర్డిల్స్ దాదాపు 13 సెకన్లలో తేలిపోయే ఆట. మీరు నేర్చుకోబోయేది దానికి పూర్తిగా ఎదురు. అరగంట సేపు ఆగకుండా, మాట తడబడకుండా, మర్నాడు మంచం దిగేటప్పుడు మూలగకుండా పరిగెట్టడం. దానికి మూడు నెలలు పెట్టుకోండి. ఒక్క నెలలో అయిపోవాలంటే మాత్రం కాళ్ళు ఒప్పుకోవు.

మొదలుపెట్టే ముందు

నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్ళు ఒకసారి డాక్టరుతో మాట్లాడాకే దిగండి. షుగరుకి ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళకి పరుగులో షుగరు పడిపోవచ్చు. జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్ళలో, చిన్న పంచదార పొట్లమో ఉండాలి. పరిగెడుతుంటే గుండెల్లో బరువుగా అనిపించినా, నొప్పి ఎడమ చేతిలోకో దవడలోకో పాకినా, కళ్ళు తిరిగినా అక్కడే ఆగి సాయం అడగండి. "ఇంకో వంద మీటర్లేగా" అనుకోవద్దు.

ఖర్చు పెట్టాల్సింది షూస్ మీదే. వాచీ అక్కర్లేదు, చేతిలో ఫోన్ చాలు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా ఒట్టి కాళ్ళతో మారథాన్ గెలిచాడని ఎవరో ఒకరు మీకు చెప్పకుండా ఉండరు. నిజమే, గెలిచాడు. ఆయన పాదాలు వేరు, రోజంతా ఆఫీసు కుర్చీలో కూర్చునే మన పాదాలు వేరు. షాపుకి సాయంత్రం వెళ్ళండి. అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, పరిగెట్టేటప్పుడు కూడా అలాగే ఉబ్బుతుంది. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. రంగు చూసో, బ్రాండు చూసో కాదు, షాపులోనే అటూ ఇటూ నాలుగడుగులు పరిగెట్టి చూసి కొనండి. వాళ్ళు ఏమీ అనుకోరు.

షూకి అన్నింటికంటే పైన, చీలమండ దగ్గర అదనంగా ఒక చిల్లు ఉంటుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. లేసుని ఏ వైపుది ఆ వైపే ఆ చిల్లులోకి దూర్చి, చిన్న ఉచ్చులా వదలండి. రెండు వైపులా అలా చేశాక, కుడి లేసుని ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసుని కుడి ఉచ్చులోంచి లాగి, అప్పుడు ముడి వేయండి. మడమ లోపల కదలదు, వేళ్ళు ముందుకి జారి గోళ్ళు నల్లబడవు. రూపాయి ఖర్చు లేదు.

కాటన్ టీషర్టు మన ఊరి చెమటకి తడిసి ముద్దయి బరువెక్కుతుంది. త్వరగా ఆరే రకం పల్చటి టీషర్టు రెండు కొనుక్కోండి. ఆడవాళ్ళకి షూస్ ఎంత ముఖ్యమో, గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా కూడా అంతే ముఖ్యం. తొడలు, చంకలు ఒరుసుకునే చోట వాజలీన్ గానీ కొబ్బరినూనె గానీ రాయండి. మొదటివారం ఇది పట్టించుకోనివాళ్ళకి స్నానంలో నీళ్ళు తగలగానే తెలిసొస్తుంది.

ఎంత మెల్లగా?

మీరు అనుకున్నదానికంటే మెల్లగా. పక్కనుంచి చురుగ్గా నడిచే పెద్దాయన మిమ్మల్ని దాటిపోయినా ఫరవాలేనంత మెల్లగా. ఇక్కడే చాలామందికి మనసొప్పదు. నలుగురూ చూస్తున్నారని వేగం పెంచుతారు, రొప్పుతారు, మానేస్తారు.

దీనికి ఒక కొలత ఉంది. పరిగెడుతూనే పదమూడో ఎక్కం పైకి అప్పజెప్పండి. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవయ్యారు, పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది. ఈ మూడూ ఒక వరసలో వచ్చేస్తే వేగం సరిగ్గా ఉంది. "పదమూడు రెళ్ళు" దగ్గర ఊపిరి అందక ఆగితే వేగం తగ్గించండి. ఇంకా అందకపోతే నడవండి. ఎక్కమే రాకపోతే మీ ఇంటి అడ్రసు పిన్‌కోడ్‌తో సహా చెప్పుకోండి, అదీ పనికొస్తుంది.

ఈ నెమ్మదికి గట్టి కారణం ఉంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే కొత్త పనికి అలవాటుపడతాయి. కండరాలూ అంతే. కానీ కండరాన్ని ఎముకకి కట్టిపడేసే టెండాన్లకి, ఎముకలకి నెలలు కావాలి. అందుకే నాలుగో వారంలో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఊపిరి బాగా అందుతుంది, హుషారు వస్తుంది, "ఇంకో రెండు కిలోమీటర్లు లాగించేద్దాం" అనిపిస్తుంది. పిక్కల ముందువైపు ఎముక నొప్పి, మడమ నొప్పి మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. ఒంట్లో సత్తువ ఉన్న రోజే చెయ్యి కట్టేసుకోవాలి.

అడుగు చిన్నదిగా వేయండి. కాలు బాగా ముందుకి చాపి మడమతో నేలని గుద్దితే ఆ దెబ్బ మోకాలికి పోతుంది. పాదం మీ ఒంటి కిందే పడాలి. పిడికిళ్ళు బిగించొద్దు. భుజాలు చెవుల దాకా లేస్తుంటే ఒకసారి చేతులు కిందికి వదిలి విదిలించండి. ముక్కుతో పీల్చాలా, నోటితో పీల్చాలా అన్న చర్చకి నేను రాను, రెండింటితోనూ పీల్చండి. డొక్కలో పట్టేస్తే వేగం తగ్గించి, గాలి నిదానంగా, పూర్తిగా బయటికి వదులుతూ ఆ చోట చేత్తో నొక్కిపట్టండి.

పన్నెండు వారాలు

వారానికి మూడు రోజులు చాలు, అదీ వరసగా వద్దు. మంగళ, గురు, ఆదివారాలు అనుకోండి. మధ్య రోజుల్లో నడవండి, లేదా ఏమీ చేయకండి. ఒళ్ళు గట్టిపడేది ఆ ఖాళీ రోజుల్లోనే.

ప్రతిసారీ ముందు ఐదు నిమిషాలు చురుకైన నడక, చివర ఐదు నిమిషాలు మామూలు నడక. మధ్యలో ఇలా:

మొదటి రెండు వారాలు: ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. ఇలా ఎనిమిది సార్లు.
3, 4 వారాలు: రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, ఆరు సార్లు.
5, 6 వారాలు: నాలుగు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, ఐదు సార్లు.
7, 8 వారాలు: ఎనిమిది నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, మూడు సార్లు.
9, 10 వారాలు: పదమూడు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, రెండు సార్లు.
11వ వారం: ఇరవై నిమిషాలు ఏకబిగిన.
12వ వారం: ఇరవై ఐదు, ఒంట్లో ఓపిక ఉంటే ముప్పై.

కిలోమీటర్లు లెక్కపెట్టకండి, నిమిషాలే చూడండి. ఏ మెట్టు దగ్గరైనా కష్టమనిపిస్తే ఆ వారాన్నే మళ్ళీ చేయండి. జ్వరం వచ్చి, పెళ్ళిళ్ళ సీజన్ వచ్చి రెండు వారాలు పోతే, రెండు మెట్లు దిగి మొదలుపెట్టండి. మధ్యలో నడవడం నామోషీ అనుకునేవాళ్ళకి ఒకటే మాట: ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు తిరిగొచ్చేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. వాళ్ళు అక్కడక్కడా కూర్చుంటారు, మజ్జిగ తాగుతారు, మళ్ళీ లేస్తారు. ఎవరూ తప్పుపట్టరు.

ఎక్కడ, ఏ వేళప్పుడు

మన ఊరు తూర్పు కోస్తాలో ఉంది కాబట్టి సూర్యుడు తొందరగా లేస్తాడు. జూన్‌లో ఐదున్నరకల్లా పైకొచ్చేస్తాడు, జనవరిలో ఆరున్నర దాకా ఆగుతాడు. ఎండాకాలం ఐదుకే రోడ్డు మీద ఉండాలి. ఆరున్నర దాటితే బీచ్ రోడ్డులో నీడన్నది దొరకదు, సముద్రం మీది వెలుగు సూటిగా కళ్ళల్లో కొడుతుంది.

ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కొంతసేపు వాహనాలు ఆపుతారు. కొత్తవాళ్ళకి అంతకంటే మంచి చోటు లేదు: చదునుగా ఉంటుంది, జనం ఉంటారు, పడిపోతే పట్టుకునేవాళ్ళుంటారు. కాకపోతే నలుగురేసి చేతులు పట్టుకుని రోడ్డంతా పరుచుకుని నడిచే కుటుంబాలు కూడా ఉంటాయి. "కొంచెం దారివ్వండి" అని ముందే గొంతు సవరించుకోండి. జనం చూపులంటే మొహమాటమైతే ఆంధ్రా యూనివర్సిటీ లోపలి చెట్ల నీడ రోడ్లు, శివాజీపాలెం దగ్గర శివాజీ పార్కు, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సెంట్రల్ పార్కు ఉన్నాయి. గాజువాక వైపువాళ్ళకి ఉక్కునగరం రోడ్లు దగ్గర. మట్టి దారి, గ్రౌండు దొరికితే కాంక్రీటు కంటే మంచిది. లాసన్స్ బే దాటి తెన్నేటి పార్కు మీదుగా రుషికొండ వైపు వెళ్ళే రోడ్డు అందం చూసి మొదటి నెలలోనే అటు వెళ్ళకండి. ఎత్తుపల్లాలున్నాయి, వాహనాలు వేగంగా వస్తాయి. వెళ్ళే రోజు వచ్చాక ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడివైపు అంచున పరిగెట్టండి.

ఇసకలో పరిగెడితే మోకాళ్ళకి మంచిదని అందరూ అంటారు. పొడి ఇసకలో పాదం కూరుకుపోయి పిక్కలు, మడమ వెనక టెండాన్ లాగేస్తాయి. నీటి అంచున తడి ఇసక గట్టిగానే ఉంటుంది గానీ సముద్రం వైపు వాలి ఉంటుంది. అరగంట ఒకే దిక్కుకి పరిగెడితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది, తుంటి పట్టేస్తుంది. పరుగు రోడ్డు మీద పెట్టుకుని, అయ్యాక షూస్ చేత్తో పట్టుకుని ఇసకలో పది నిమిషాలు నడవండి. జాలారిపేట వైపు వలలు ఆరేసే చోట్ల ఒట్టి కాళ్ళతో జాగ్రత్త, తాళ్ళముక్కలు, గాలాలు ఇసకలో కనపడవు. చెమట పట్టిందని నీళ్ళలోకి దిగొద్దు. మన తీరంలో లోపలికి లాగేసే ప్రవాహాలకి ఈతగాళ్ళు కూడా బలవుతుంటారు.

ఉక్కపోత

బెంగళూరులో ఉండే మీ తమ్ముడు కిలోమీటరు ఆరు నిమిషాల్లో లాగించానని ఫోన్లో ఫొటో పంపితే పట్టించుకోకండి. ఒంటిని చల్లబరిచేది చెమట కారడం కాదు, చెమట ఆరడం. మన గాల్లో తేమ ఎక్కువ కాబట్టి అది ఆరదు, కారుతుంది. ఒళ్ళు చల్లబరచడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు కూడా తోయాలి. అందుకే అదే వేగానికి ఇక్కడ గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మీ వేగం తగ్గితే మీరు వెనకబడ్డట్టు కాదు. రోజూ కాస్త కాస్తగా, పరుగుకో నడకకో వెళ్తే రెండు వారాల్లో ఒళ్ళు వేడికి చాలావరకు సర్దుకుంటుంది. వెసులుబాటు ఉంటే నవంబరు చివర్లో మొదలుపెట్టండి. వానలు వెనకబట్టి ఉంటాయి, ఫిబ్రవరి దాకా పొద్దుట గాలి హాయిగా ఉంటుంది.

తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, ఎండలో ఉన్నా వణుకు పుట్టడం వడదెబ్బకి ముందు వచ్చే సూచనలు. నీడకి వెళ్ళి తల మీద, మెడ మీద నీళ్ళు పోసుకోండి. మనిషి తికమకగా మాట్లాడుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా నీళ్ళతో తడుపుతూ 108కి ఫోన్ చేయాలి.

తినేది, తాగేది

అరగంట పరుగుకి ముందు ఒక గ్లాసు నీళ్ళు, ఆకలేస్తే సగం అరటిపండు. అంతే. మధ్యలో బాటిల్ మోయక్కర్లేదు. అయ్యాక బీచ్‌లో కొబ్బరి బొండాం మంచిదే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, లేదా మజ్జిగ కలిపిన చోడి (రాగి) అంబలి మన వాతావరణానికి బొండాం కంటే బాగా కుదురుతాయి. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు సంగతి డాక్టరుని అడగండి.

బరువు తగ్గుదామని మొదలుపెట్టేవాళ్ళకి కాస్త చేదు లెక్క. ఉజ్జాయింపుగా కిలో బరువుకి, కిలోమీటరుకి ఒక కేలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషి మూడు కిలోమీటర్లు పరిగెడితే 210. చట్నీతో నాలుగు ఇడ్లీలకి అటూ ఇటూ. పరుగయ్యాక "సంపాదించుకున్నాం కదా" అని పూరీల ప్లేటు లాగిస్తే లెక్క తిరగబడుతుంది.

నొప్పుల్లో తేడా

పరుగు మర్నాడు తొడలు, పిక్కలు రెండువైపులా సమానంగా సలపడం మామూలే. రెండు రోజుల్లో పోతుంది. ఒక్క కాలికే, ఒక్క చోటే, వేలు పెట్టి చూపించగలిగే నొప్పి వేరు. మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పైతే వారం విశ్రాంతి తీసుకుని రెండు మెట్లు దిగండి. అదే ఎముక మీద ఒక్క చోట నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉండి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో చిన్న చీలిక కావచ్చు. పరుగు ఆపి ఎముకల డాక్టరుకి చూపించండి. పొద్దున్న మంచం దిగి మొదటి అడుగేయగానే మడమ కింద పొడిస్తే, మడమ నుంచి వేళ్ళ దాకా అరికాల్లో పట్టీలా ఉండే గట్టి పొర వాచినట్టు. పిక్కలు సాగదీయడం, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవడం పనిచేస్తాయి.

వీటిలో చాలా వాటిని రాకుండా చేసే పని ఒకటుంది. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, గోడ పట్టుకుని, మడమలు పైకి లేపి నిదానంగా కిందికి దించండి. పదిహేను సార్లు, రెండు విడతలు. పాలు పొంగేలోపు వంటగది గుమ్మం మీద అయిపోతుంది. పరుగుకి ముందు నిలబడి సాగదీయడం కంటే కాళ్ళు ఊపడం, మోకాళ్ళు పైకెత్తి నడవడం మేలు. సాగదీయడాలు అయ్యాక పెట్టుకోండి.

పరిగెడితే మోకాళ్ళు అరిగిపోతాయన్న మాట మీరు నెలకోసారైనా వింటారు. మితంగా పరిగెట్టే మామూలు మనుషుల్లో, కదలకుండా కూర్చునేవాళ్ళ కంటే మోకీళ్ళ అరుగుదల ఎక్కువ లేదని పరిశోధనల్లో తేలింది. ఇప్పటికే మోకీలు దెబ్బతిన్నవాళ్ళ సంగతి వేరు.

కుక్కలు, మనుషులు

ఎంవీపీ కాలనీ సందుల్లోనైనా, సీతమ్మధారలోనైనా చీకటితో పరిగెడితే కుక్కలు వెంటపడతాయి. పరుగు పెంచొద్దు. ఆగండి, వాటి వైపే తిరిగి, కళ్ళల్లోకి చూడకుండా, మెల్లగా వెనక్కి నడవండి. గీత గీసినట్టు అవి ఒక చోట ఆగిపోతాయి, అది వాటి సందు హద్దు. పన్ను గాటు పడితే సబ్బునీళ్ళతో పావుగంట కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి.

మనుషులు కుక్కలంత కరవరు గానీ మాటంటారు. "ఏటమ్మా, పొద్దున్నే ఎవులు తరుముతున్నారేటి?" అని ఏ పూలమ్మే మామ్మో అడుగుతుంది. నవ్వేసి వెళ్ళిపోండి, పది రోజులయ్యాక మీరు రాకపోతే ఆవిడే వాకబు చేస్తుంది. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళు వెలుతురొచ్చాక, జనం ఉన్న రోడ్డు మీద, చెవుల్లో పాటలు లేకుండా వెళ్ళడం మంచిది. ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి, ఫోన్‌లో లొకేషన్ పంపండి. ఇవన్నీ ఆడవాళ్ళకే చెప్పాల్సి రావడం నాకూ బాగోలేదు.

ఏం దక్కుతుంది?

రెండో నెల దాటేసరికి ముందు నిద్రలో తేడా తెలుస్తుంది. పదింటికే కళ్ళు మూతలు పడతాయి. పొద్దున్న లేవగానే మంచం మీదే నాడి పట్టుకుని నిమిషానికి ఎన్నో రాసి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత ఆ అంకె కొంత దిగి ఉంటుంది, అంటే గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోస్తోందన్నమాట. పనిచేసే కండరం రక్తంలోని చక్కెరని లాక్కుంటుంది కాబట్టి షుగరు అంచున ఉన్నవాళ్ళకి ఇది మందంత పని చేస్తుంది, మందులు మానడం మాత్రం మీ అంతట మీరు చేయకండి. ఇక అపార్టుమెంటులో లిఫ్టు చెడిపోయిన రోజు, నాలుగో అంతస్తుకి గ్యాస్ సిలిండర్ కుర్రాడితో పాటు కబుర్లాడుతూ ఎక్కేస్తారు. ఏ రిపోర్టులోనూ రాని ఆనందం అది.

పన్నెండు వారాలయ్యాక ముందు ఒక లక్ష్యం కావాలనిపిస్తే, ఊళ్ళోనే వైజాగ్ నేవీ మారథాన్ ఉంది. చలికాలం మొదలయ్యే రోజుల్లో తూర్పు నౌకాదళం బీచ్ రోడ్డు మీద జరుపుతుంది. 42 కిలోమీటర్ల పూర్తి మారథాన్ నుంచి 5 కిలోమీటర్ల దాకా విభాగాలుంటాయి. మీది 5. ఆగస్టులో మొదలుపెడితే సరిగ్గా సరిపోతుంది. ఆ రోజు కొత్త షూస్, కొత్త టీషర్టు, కొత్త టిఫిను ఏవీ వద్దు. గుంపులో వెనక వరసల్లో నిలబడండి, లేకపోతే ముందున్నవాళ్ళ ఉరుకు మిమ్మల్నీ లాక్కుపోతుంది. బీచ్ రోడ్డు ఆ పొద్దున్న మూసేస్తారు కాబట్టి బండి దూరంగా, సిరిపురం వైపో ఇంకెక్కడో పెట్టి నడిచి రావాలి. ఆ నడకకి పావుగంట అదనంగా వేసుకోండి, దానితోనే మీ వార్మప్ కూడా అయిపోతుంది. చిన్న సంచిలో పొడి టీషర్టు, చెప్పులు, సేఫ్టీ పిన్నులు నాలుగు, తిరిగొచ్చేటప్పుడు టిఫినుకి డబ్బులు పెట్టుకోండి.